డౌరో నదిపై క్రూయిజ్: పడవ ఎక్కినా బస్సు తప్పదెందుకు?

పోర్చుగల్‌లో డౌరో నది మీద వారం రోజుల క్రూయిజ్‌కు వెళ్లొచ్చినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: పడవకు డబ్బు కట్టాం, బస్సులో తిరిగాం అని. ఆ మాటలో నిజం ఉంది. పోర్టో నుంచి స్పెయిన్ సరిహద్దు దగ్గరి బార్కా దాల్వా దాకా పడవ నడిచే దూరం సుమారు 210 కిలోమీటర్లే. ఆ దూరాన్నే వారం రోజులకు సాగదీస్తారు. పొద్దున టిఫిన్ కాగానే ఒడ్డున బస్సు సిద్ధంగా ఉంటుంది. ఒక కొండ ఎక్కి పాత పట్టణం చూడాలి, మధ్యాహ్నం ఇంకో కొండ ఎక్కి వైనరీ చూడాలి. రైన్ మీదో డాన్యూబ్ మీదో తిరిగినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ చాలాచోట్ల పడవ దిగి నాలుగడుగులు వేస్తే ఊరి నడిబొడ్డులో ఉంటారు.

టూర్ కంపెనీల ఏర్పాట్లలో లోపం వల్ల ఇలా జరగడం లేదు. పోర్టో దాటి పైకి వెళితే డౌరో ఒడ్డున చెప్పుకోదగ్గ పాత పట్టణాలు లేవు. ఉన్నవి కొండల మీద, నదికి ఎడంగా ఉన్నాయి. ఈ నదిని జనం ఇష్టపడి దగ్గరికి రాలేదు. వైన్ వ్యాపారం కోసం తప్పనిసరై వచ్చారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఈ క్రూయిజ్‌లో ఏది ఎందుకు ఎక్కడుందో, దేనికి సమయం ఇవ్వాలో, దేన్ని వదిలేయొచ్చో చాలావరకు తేలిపోతుంది.

డౌరో స్పెయిన్‌లోని సోరియా ప్రాంతపు కొండల్లో పుట్టి, దాదాపు 900 కిలోమీటర్లు పారి, పోర్టో దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. పోర్చుగల్‌లోకి వచ్చాక చాలా దూరం ఇరుకైన కొండ లోయలోనే దీని దారి. ఇప్పుడు పడవ డెక్ మీద కుర్చీ వేసుకుని చూస్తే నీళ్లు కదులుతున్నాయో లేదో కూడా తెలియదు. యాభై అరవై ఏళ్ల కిందటి నది ఇలా ఉండేది కాదు. బండరాళ్లు, సుడులు, అడుగడుగునా దూకే నీళ్లు. వానాకాలంలో వరద వస్తే రాత్రికి రాత్రే మట్టం మీటర్ల లెక్కన పెరిగేది. 1909 డిసెంబరు వరదను ఆ లోయ ప్రజలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వేసవిలో లోయ అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి తోడు ఒకప్పుడు జ్వరాలు. తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అని అక్కడివాళ్లు తమ వాతావరణం గురించి సామెత చెప్పుకుంటారు. అలాంటి చోట ఇల్లు కట్టుకోవాలంటే ఎవరైనా కొండ ఎక్కే కట్టుకుంటారు.

అయినా ఆ నదిలోనే పడవలు నడిచాయి. రోడ్లు లేని రోజుల్లో పీపాల బరువును కొండలు దాటించడానికి వేరే దారి లేదు. రబేలో అనే ఆ పడవకు అడుగు చదునుగా ఉంటుంది, ఒకటే చదరపు తెరచాప, వెనక పడవంత పొడవున్న చుక్కాని తెడ్డు. తెడ్డు పట్టేవాడికి పీపాల మీంచి దారి కనిపించాలని ఎత్తయిన మంచె కట్టేవాళ్లు. దిగువకు వెళ్లేటప్పుడు ప్రాణభయం. ఎగువకు వచ్చేటప్పుడు గాలి లేకపోతే మనుషులో ఎద్దులో ఒడ్డు వెంట తాడు పట్టి లాగాలి.

అన్నిటికన్నా భయపెట్టిన చోటు వలేయిరా. అక్కడ నదికి అడ్డంగా ఉన్న గ్రానైట్ బండ వల్ల పడవలు ఆపైకి వెళ్లలేకపోయేవి. 1780లో మొదలుపెట్టి 1792 నాటికి దాన్ని పేల్చి తొలగించారు. అప్పటిదాకా డౌరో ఎగువ లోయ వైన్ వ్యాపారానికి దాదాపు అందలేదు. బండ పోయినా ప్రమాదం పోలేదు. జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి ఈ నదిని అంగుళం అంగుళం కొలిచి మ్యాపులు గీశాడు. అందుకు పోర్చుగల్ ఆయనకు బారన్ బిరుదు కూడా ఇచ్చింది. 1861 మే 12న అదే వలేయిరా దగ్గర పడవ తిరగబడి ఆయన మునిగిపోయాడు. డబ్బు నింపిన నడుము పట్టీ ఆయన్ను ముంచిందనీ, అదే పడవలో ఉన్న దోనా ఆంటోనియా ఫెరేరాను ఆమె వేసుకున్న వెడల్పాటి గౌను తేల్చిందనీ గైడ్లు చెబుతారు. కథ ఎంతవరకు నిజమన్నది పక్కన పెడితే, ఆమె బతికి బయటపడి డౌరోలో అతి పెద్ద తోటల యజమానుల్లో ఒకరిగా నిలిచింది మాత్రం చరిత్రే.

ఇంత కష్టపడి ఆ వైన్‌ను కిందికి తేవడానికి కారణం ఇంగ్లండ్. ఫ్రాన్స్‌తో యుద్ధాల వల్ల ఇంగ్లిష్ వాళ్లకు ఫ్రెంచి వైన్ దొరకడం కష్టమైంది. 1703 మెథ్యూయెన్ ఒప్పందంతో పోర్చుగీసు వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ కన్నా మూడో వంతు తగ్గింది. గిరాకీ పెరిగితే కల్తీ కూడా పెరుగుతుంది కదా. రంగు కోసం ఎల్డర్‌బెర్రీ పళ్ల రసం కలిపారు, నాసి రకం వైన్‌కు డౌరో పేరు పెట్టి అమ్మారు. ధర పడిపోయింది. అప్పటి ప్రధానమంత్రి, తర్వాత పోంబల్ మార్క్విస్‌గా పేరుపడిన కార్వాల్యో ఇ మెలో, 1756లో ఒక కంపెనీ పెట్టి పోర్ట్ (సారా కలిపి చేసే ఈ లోయ తీపి వైన్) వ్యాపారాన్ని దాని చేతిలో పెట్టాడు. ఎగుమతికి పనికొచ్చే వైన్ ఏ నేలలో పండాలో హద్దులు గీయించి, ఆ హద్దుల వెంట మూడు వందలకు పైగా రాళ్లు పాతించాడు. ఎల్డర్‌బెర్రీ చెట్లను పీకించాడు. మరుసటి ఏడాది పోర్టోలో జనం కంపెనీ మీద తిరగబడితే కొందరిని ఉరి తీయించాడు కూడా. ప్రపంచంలో మొట్టమొదటి వైన్ హద్దులు ఇవేనని బ్రోషర్లు రాస్తాయి. ఇటలీలో కియాంతికి 1716లోనే, హంగరీలో టోకైకి 1737లోనే హద్దులు గీశారు. డౌరోలో కొత్తది ఏమిటంటే గీత గీసి ఊరుకోకుండా నాణ్యత, ధర, ఎగుమతి అన్నిటినీ ఒకే సంస్థ అదుపులోకి తేవడం.

క్రూయిజ్ పడవలు ఆగే రేగ్వా పుట్టుక కూడా ఇక్కడే ఉంది. కంపెనీ గిడ్డంగులు కట్టింది, సంత పెట్టింది, దాని చుట్టూ ఊరు పెరిగింది. పిన్యావ్ అయితే 1880లో రైలు వచ్చాకే ఊరిలా తయారైంది. ‘చారిత్రక పట్టణం’ అన్న మాట నమ్మి రేగ్వాలో కోటలూ పాత వీధులూ వెతికితే నిరాశ తప్పదు. రేగ్వాలో చూడాల్సింది డౌరో మ్యూజియం. పాత కంపెనీ భవనంలోనే ఉంటుంది. చాలా క్రూయిజ్‌లు దీన్ని పట్టించుకోకుండా వెళ్లిపోతాయి, అది పొరపాటు. తర్వాత చూసే తోటలూ రాళ్లూ పీపాలూ అర్థం కావాలంటే గంటసేపు ఇక్కడ గడపాలి. పిన్యావ్‌లో చూడాల్సింది రైల్వే స్టేషన్. 1937లో గోడలకు అతికించిన 24 నీలి పలకల చిత్రాల్లో కోత, తొక్కుడు, పీపాల మోత, రబేలో పడవలు అన్నీ ఉన్నాయి. ఇప్పుడు నీట మునిగిన పాత నది రూపం కూడా అక్కడ కనిపిస్తుంది.

నదిని ముంచింది ఆనకట్టలు. 1970ల మొదటి నుంచి 1980ల మధ్య దాకా పోర్చుగల్ ఈ దారిలో ఐదు కట్టలు కట్టింది. కింది నుంచి పైకి క్రెస్తూమా, కరపతేలో, రేగ్వా, వలేయిరా, పొసిన్యో. అసలు లక్ష్యం కరెంటు. అయితే ప్రతి కట్టకూ పడవలు దాటే లాకులు కూడా పెట్టారు. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల లాకులు చూసినవాళ్లకు పద్ధతి కొత్తేం కాదు: గది తలుపు మూస్తారు, నీళ్లు నింపుతారు, పడవ పైకి లేస్తుంది. తేడా ఎత్తులో ఉంది. కరపతేలో లాకులో పడవ ఒక్కసారిగా 35 మీటర్లు లేస్తుంది, అంటే పది పన్నెండు అంతస్తులు. ఐరోపాలోని అతి ఎత్తయిన లాకుల్లో ఇదొకటి. తడిసిన నల్లటి గోడల మధ్య అడుగున ఉన్నప్పుడు తల పైకెత్తితే ఆకాశం సన్నని చీలికలా కనిపిస్తుంది. ఆ సమయంలో కేబిన్‌లో పడుకోవడం కన్నా డెక్ మీద ఉండటం మేలు. ఐదూ కలిపి పడవను సుమారు 130 మీటర్లు ఎత్తుతాయి. సముద్రం నుంచి సరిహద్దు దాకా దారి పూర్తిగా తెరుచుకున్నది 1990లో.

క్రూయిజ్ కొలతలన్నీ ఈ లాకులే నిర్ణయిస్తాయి. లాకు గది పొడవు 90 మీటర్లకు అటూ ఇటూ. అందుకే డౌరో పడవలు 80 మీటర్ల పొడవుకు అటూ ఇటూగా ఉంటాయి. రైన్, డాన్యూబ్‌లలో 135 మీటర్ల పడవలు మామూలే. చిన్న పడవ కాబట్టి జనం తక్కువ, టికెట్ ధర ఎక్కువ. పైగా ఇక్కడ రాత్రిపూట పడవలు నడపనివ్వరు. రైన్ మీద నిద్ర లేచేసరికి కొత్త ఊరు వస్తుంది. డౌరోలో కదలిక అంతా పగలే, లోయ మొత్తం కళ్లముందే దాటుతుంది. నిజానికి ఈ క్రూయిజ్‌కున్న పెద్ద బలం ఇదే, కానీ పగలంతా బస్సు ట్రిప్పులు పెట్టుకుంటే ఆ బలం కాస్తా పోతుంది. కొన్ని ట్రిప్పుల్లో పడవ మనల్ని దింపేసి ఖాళీగా ముందుకు వెళ్లి, బస్సు కోసం తర్వాతి రేవులో ఎదురుచూస్తుంది. ఏ రోజు ఏ లాకు ఎప్పుడు దాటుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

మరి బస్సు ఎక్కితే దొరికేది ఏమిటి? రేగ్వా నుంచి దక్షిణంగా కొండ ఎక్కితే లమేగో. రెమేదియోస్ మాత గుడికి 686 మెట్లు, మలుపు మలుపుకూ ఫౌంటెన్లు, నీలి పలకలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు, బస్సు పైన దించుతుంది, మెట్లు దిగి వస్తే చాలు. బార్కా దాల్వా నుంచి వెళ్లే కాస్తెలో రొద్రిగో ఇంకా చిన్నది, కోటగోడల లోపల కొన్ని వీధులు. అక్కడ కాలిపోయిన ఒక మేడ ఉంది. స్పెయిన్ రాజు పోర్చుగల్‌ను ఏలిన కాలంలో ఆయన పక్షం చేరిన ప్రభువుది అది. 1640లో స్పెయిన్ పాలన పోగానే ఊరివాళ్లే నిప్పు పెట్టారు. సరిహద్దు ఊరంటే ఏమిటో ఆ మొండిగోడలు చెప్పినంత బాగా గైడ్ ఉపన్యాసం చెప్పలేదు. విలా రియాల్ దగ్గరి మాతెయుస్ మేడకు అందం ఉంది, తోట ఉంది. రోజే (గులాబీ రంగు) వైన్ సీసా మీద బొమ్మ వల్ల దానికి వచ్చిన పేరు మాత్రం కాస్త ఎక్కువే.

స్పెయిన్‌లోని సలమాంకాది వేరే లెక్క. 1218 నాటి విశ్వవిద్యాలయం, ఐరోపాలోని మేటి చౌకుల్లో ఒకటి, రెండు కేథడ్రళ్లు. ఊరికి వంక పెట్టలేం. కానీ రేవు నుంచి వెళ్లడానికి సుమారు రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఎగువ డౌరో అందమంతా ఆ రోజే దాటిపోతుంది. రెండు రాత్రులు ఉండి చూడాల్సిన నగరాన్ని భోజనంతో కలిపి ఐదారు గంటల్లో చుట్టేయడం కన్నా అదే రోజు డౌరో ఉపనది కోవా లోయకు వెళ్లడం మంచిది. విలా నోవా ది ఫోజ్ కోవా దగ్గర నది ఒడ్డు రాళ్ల మీద ఇరవై వేల ఏళ్లకు పైబడిన ఆదిమానవుల చెక్కుడు బొమ్మలున్నాయి: గుర్రాలు, అడవి ఎద్దులు, కొండమేకలు. 1990ల మొదట్లో అక్కడ ఆనకట్ట పని మొదలయ్యాక ఆ బొమ్మల సంగతి లోకానికి తెలిసింది. ‘బొమ్మలకు ఈత రాదు’ అని పిల్లలు నినాదాలు చేశారు. 1995లో వచ్చిన కొత్త ప్రభుత్వం పని ఆపేసింది. 1998లో ఆ బొమ్మల చోటు యునెస్కో జాబితాలో చేరింది. ఐదు కట్టల పుణ్యాన నడిచే పడవ మీద వచ్చి, కట్టకుండా ఆపేసిన ఆరో కట్ట దగ్గర నిలబడటం ఈ యాత్రలోని అసలు వైరుధ్యం. దురదృష్టవశాత్తు సలమాంకా ప్యాకేజీలో ఉంటుంది, కోవాకు చాలాసార్లు విడిగా డబ్బు కట్టాలి.

ఇక వైనరీలు. పోర్ట్ వైన్ ఒక చోట పండి, ఇంకో చోట ముదురుతుంది. లోయలో ద్రాక్షను రాతి తొట్లలో కాళ్లతో తొక్కుతారు. ఇప్పుడు ఎక్కువగా యంత్రాలే, కాలి తొక్కుడు మేలురకాలకు, అతిథుల కోసం మిగిలింది. రసం పులుస్తూ సగం చక్కెర ఉండగానే 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్ష సారా కలుపుతారు. పులియడం ఆగిపోతుంది, తీపి మిగిలిపోతుంది, మత్తు 20 శాతం దాకా చేరుతుంది. పాత లెక్క ప్రకారం 435 లీటర్ల వైన్‌కు 115 లీటర్ల సారా, మొత్తం 550 లీటర్లు, అదే ఒక పీపా. లోయ ఎండకు పీపాల్లోని వైన్ త్వరగా పాడవుతుందని, వసంతంలో పోర్టోకు ఎదురుగా ఉన్న గాయా గిడ్డంగులకు దింపేవాళ్లు. సముద్రపు చల్లగాలి, తేమ అక్కడ ఉంటాయి. 1926 నుంచి చట్టమే అలా ఉంది: పోర్ట్ ఎగుమతి గాయా నుంచే జరగాలి. అంటే లోయలోని రైతు తన పేరుతో సీసా విదేశానికి పంపడం కుదరదు. గిడ్డంగి ఉన్న పెద్ద కంపెనీకి అమ్ముకోవాల్సిందే. 1986లో ఆ చట్టం మారింది.

ఆ మార్పు లేకపోతే ఇప్పటి వైనరీ టూరిజమే లేదు. తోటలోనే సీసా కట్టి అమ్ముకోవచ్చు అన్నాక కింతాలు (తోట, ఇల్లు, వైనరీ కలిసిన ఎస్టేట్లు) అతిథులకు తలుపులు తెరిచాయి. 1985లో చివరి కట్ట, 1986లో చట్టం, 1990లో పడవ దారి, 2001లో ఎగువ డౌరో తోటలకు యునెస్కో గుర్తింపు. బ్రోషర్‌లో రెండు వేల ఏళ్ల సంప్రదాయం అని రాసినా, యాత్రికులు వైనరీల చుట్టూ తిరిగే ఈ పద్ధతి వయసు సుమారు నలభై ఏళ్లే.

గాయాలో గిడ్డంగి చూడటం వేరు, కింతాలో తోట చూడటం వేరు. రెండూ కావాలి, కానీ మూడో నాలుగో రుచి చూపే గది చేరేసరికి ఆసక్తి పోతుంది. గాయాలో టానీ తాగి చూడాలి. పీపాలో పది, ఇరవై ఏళ్లు ఉండి రంగు వెలిసి, ఎండుద్రాక్ష, వాల్‌నట్ వాసనలకు తిరిగిన రకం అది. కింతాలో పోర్ట్ కన్నా మామూలు రెడ్ వైన్ అడగడం మేలు. అదే తోటల్లోంచి, అదే తూరిగా నాసియోనాల్, తూరిగా ఫ్రాంకా ద్రాక్షలతో చేసిన ఈ వైన్‌కు 1952 పంటతో చేసిన బార్కా వేల్యా అనే వైన్‌తో పేరు మొదలైంది. లోయ భవిష్యత్తు దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. తోటలో నేల చూడటం మరిచిపోకూడదు. పలకలు పలకలుగా విడిపోయే షిస్టు రాయి అది. దాన్ని పగలగొట్టి నేల చేశారు, ఆ రాళ్లతోనే మెట్ల గోడలు కట్టారు. 1860ల్లో వచ్చిన ఫిలోక్సెరా పురుగు తీగల వేళ్లు తినేశాక వదిలేసిన పాత మెట్లు ఇప్పటికీ పొదలు కమ్మి కనిపిస్తాయి. అక్కడివాళ్లు వాటిని చచ్చిన నేలగా లెక్కేస్తారు.

డెక్ మీది నుంచి కనిపించని సంగతి ఒకటుంది. ఈ లోయలో తోటల యజమానులు వేల మంది, అందులో ఎక్కువ మందివి చిన్న చిన్న చెక్కలు. ఏటా ఎన్ని పీపాల పోర్ట్ చేయొచ్చో ప్రభుత్వ సంస్థ నిర్ణయించి, తోటలకు ఇచ్చిన గ్రేడుల ప్రకారం పంచుతుంది. ఆ కోటాలో పడిన ద్రాక్షకు మంచి ధర, మిగిలినదానికి సాగు ఖర్చు కూడా రాని ధర. ప్రపంచంలో పోర్ట్ అమ్మకాలు ఈ శతాబ్దంలో తగ్గుతూ వస్తున్నాయి, దాంతో కోటా కూడా. పోర్ట్‌లో కలిపే సారాలో ఎక్కువ భాగం బయటి నుంచి వస్తోందనీ, తమ మిగులు ద్రాక్షతోనే ఆ సారా చేయాలనీ రైతులు అడుగుతున్నారు. ఈ మధ్య కోతల సమయంలో రేగ్వా వీధుల్లో నిరసనలు కూడా జరిగాయి. పడవలో తిని, పడవలో పడుకుని, ఒప్పందమున్న పెద్ద కింతాకే బస్సులో వెళ్లొచ్చే యాత్రికుడి డబ్బు ఈ రైతుల దాకా చేరేది తక్కువ. పిన్యావ్‌లోనో రేగ్వాలోనో ఒక పూట సొంతంగా దిగి, ఊరి హోటల్లో తిని, చిన్న కింతాలో సీసా కొంటే ఆ మేరకు మారుతుంది.

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా చాలు, స్పెయిన్ వైపు దిగినా అదే పనిచేస్తుంది. హైదరాబాద్ నుంచి పోర్టోకు నేరుగా విమానం లేదు, మధ్యలో మారాలి. జూలై, ఆగస్టుల్లో ఎగువ లోయ ఎండ మన రెంటచింతల, రామగుండాలను గుర్తుచేస్తుంది. మే, జూన్ మొదటి వారాలు హాయిగా ఉంటాయి. కోతలు సెప్టెంబరులో మొదలై అక్టోబరు తొలిరోజుల్లోకి సాగుతాయి, టికెట్లూ అప్పుడే ప్రియం. శాకాహారులు బుక్ చేసేటప్పుడే గట్టిగా చెప్పాలి. ఎండు కాడ్ చేప, పంది మాంసం లేని భోజనాన్ని అక్కడివాళ్లు తమంతట తాము ఊహించుకోరు. కొన్ని వైన్లను తేర్చడానికి గుడ్డు తెల్లసొన, జెలటిన్ వాడతారన్న సంగతి కూడా పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తెలుసుకోవాలి. మందు అలవాటు లేనివాళ్లకు ఈ లోయలో పని లేదనుకోనక్కర్లేదు. ఆలివ్ నూనె, బాదం కూడా ఇక్కడి పంటలే. ఎగువ డౌరోలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాదం చెట్లు పూస్తాయి, కానీ అప్పటికి పెద్ద పడవల సీజన్ సరిగా మొదలవదు.

వారం రోజుల ఖర్చు భరించలేనివాళ్లకు రైలుంది. పోర్టో నుంచి పొసిన్యో దాకా వెళ్లే డౌరో లైన్, సగం దారి నుంచి నీళ్ల పక్కనే నడుస్తుంది. రేగ్వా నుంచి పిన్యావ్ దాకా కిటికీ సీటు కుడివైపు దొరికితే పడవ డెక్‌కు పెద్దగా తీసిపోదు. పిన్యావ్‌లో దిగితే రబేలో ఆకారంలో చేసిన మోటారు పడవలు గంట, రెండు గంటలు తిప్పుతాయి. అక్కణ్నుంచి నడిచి వెళ్లగల కింతాలు కూడా ఉన్నాయి. లాకు ఎక్కే అనుభవం ఒక్కటీ కావాలంటే పోర్టో నుంచి రేగ్వా దాకా ఒక్క రోజు పడవ టికెట్ తీసుకోవచ్చు. ఆ దారిలో క్రెస్తూమా, కరపతేలో రెండూ వస్తాయి, తిరుగు ప్రయాణం రైల్లో.